పులిసిన క్యాబేజీ, నువ్వుల నూనె

ఎనభైల మొదట్లో ఆఫీసు వాళ్లు నన్ను ట్రైనింగ్‌కి లాస్ ఏంజిలస్ పంపినప్పుడు నా భార్యను కూడా వెంట తీసుకెళ్లాను. ఆమెకు అప్పుడు మూడో నెల. ఏది తిన్నా కడుపులో నిలవడం లేదు. ఉప్పు బిస్కెట్లు, టోస్ట్, ఆపిల్ సాస్, పెరుగన్నం, చారన్నం వరసగా ప్రయత్నించాం. చారన్నం ఒక్కటే ఒక పూట నిలిచింది. బయల్దేరే ముందు డాక్టరు సూటిగా చెప్పాడు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి ఇంకా బరువు తగ్గి ఉంటే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనని, ఇలాగే సాగితే బిడ్డకు మంచిది కాదని.

శనివారం పని లేదు. ట్రైనింగ్‌లో నా పక్కన కూర్చునే కొరియన్ ఇంజినీరు తమవాళ్ల బజారు గురించి చెప్పాడు. పాత గోడౌన్‌లో పెట్టారట. అచ్చం సియోల్‌లో తన చిన్నప్పటి బజారులా ఉంటుందట. నాకు చూడాలనిపించింది. నా భార్య కారులోనే కూర్చుంటానంది. మాంసం వాసన, కాగే నూనె వాసన ఏది తగిలినా ఆమెకు వాంతయ్యే రోజులవి. గోడౌన్ వెనక తలుపు దగ్గర నీడలో కారు ఆపి, అద్దం కాస్త దించి, నేను చుట్టూ తిరిగి ముందు తలుపు నుంచి లోపలికి వెళ్లాను.

ఏదీ వదలకుండా తలుపు దగ్గరి నుంచి వరసగా రుచి చూద్దామనుకున్నాను. మొదటి అంగడిలో చేపల పిండితో చేసిన పలుచటి రేకులను పుల్లలకు గుచ్చి రసంలో మరిగిస్తున్నారు. రేకు కొంటే రసం కాగితం కప్పులో ఊరికే పోసిచ్చారు. తర్వాతి అంగడిలో ఎర్రటి పులుసులో బియ్యప్పిండి కడ్డీలు ఉడుకుతున్నాయి. మాది గుంటూరు కనక ఆ ఎరుపు చూసి ముందే మంచినీళ్లు దగ్గర పెట్టుకున్నాను. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. కారం లేకపోలేదు గాని చాలా ఆలస్యంగా వచ్చింది. మూడోది పెసరట్టు. వాళ్లు వేరే పేరేదో చెప్పారు. పెసరపప్పు నానబెట్టి, రుబ్బి, పెనం మీద పోసింది నా దృష్టిలో పెసరట్టే. మందం ఎక్కువ, లోపల పంది మాంసం ముక్కలు.

అది తింటుండగా నా భార్య వచ్చి పక్కన నిలబడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"ఏమండీ, అక్కడ వెనక తలుపు పక్కన ఏదో పుల్లటి వాసనొస్తోంది. కారులోకి కూడా వచ్చింది. ఏంటో అడుగుదాం రండి."

వెనక తలుపు పక్కన ఒక ముసలామె పెద్ద పెద్ద గాజు సీసాల్లో క్యాబేజీ ఊరగాయ పెట్టుకుని అమ్ముతోంది. నా భార్య చూపించిన సీసా అమ్మే సీసాల్లో లేదు, బల్ల కింద ఉంది. అడిగితే, అది బాగా పులిసిపోయిందని, అందరూ కొత్తది కావాలంటారని, దాన్ని తన ఇంట్లో పులుసు కాచుకోవడానికి ఉంచుకున్నానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. మూత తీయగానే బుస్సుమంది. ముక్కల మధ్య నుంచి బుడగలు పైకి వస్తున్నాయి.

మా ఇంట్లో ఊరగాయ అంటే జాడీ ఎండలో పెట్టాలి, ముక్క తుడవాలి, తడి గరిటె తగలకూడదు, పైన నూనె తేలాలి. ఇందులో నూనె చుక్క లేదు. ముక్కలు నీళ్లలో మునిగి ఉన్నాయి. నాకు తెలిసిన ఏ లెక్కన చూసినా అది పాడైన ఊరగాయ.

"వద్దు. చెమ్మ తగిలి పాడైంది. బుడగలు చూడు, గ్యాస్ ఫామ్ అవుతోంది."

"దోశపిండికి రావా బుడగలు?"

"దాన్ని కాల్చి తింటాం. ఇది పచ్చిది. ఈ టైంలో ఫుడ్ పాయిజనింగ్ అయితే డైరెక్ట్‌గా హాస్పిటలే."

"తినకపోయినా హాస్పిటలేగా? తినే పోతాను."

ముసలామె మా ఇద్దరినీ చూసి, నా భార్య పొట్ట మీద పెట్టుకున్న చేతి వైపు చూసి, పక్క అంగడామెతో ఏదో అని నవ్వింది. ఒక ముక్క తాను తిని, ఇంకో ఆకు చీల్చి వేళ్లతో నా భార్య నోటికి అందించబోయింది. అలా నోట్లో పెట్టించుకోవడానికి మొహమాటపడి నా భార్య దోసిలి పట్టింది. ఆకు నమిలింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"అన్నం కావాలి," అంది.

పక్క అంగడిలో స్టీలు గిన్నెలో అన్నం ఇచ్చారు. తినడానికిచ్చిన పుల్లల జత, చెంచా పక్కన పెట్టేసి, చెయ్యి కడుక్కుని, సీసాలోని పులుపు నీళ్లు అన్నంలో పోయించుకుంది. మెతుకుకు మెతుకు అంటుకునే ఆ బియ్యం నాకు నచ్చలేదు గాని ముద్ద కట్టడానికి వీలుగా ఉంది. బల్ల మీది నువ్వుల నూనె సీసా చూసి అది కూడా కాస్త పోయించమంది. నూనె వాసనకు ఏమవుతుందోనని భయపడుతూనే అడిగాను. వేయించిన నువ్వులతో తీసిన నూనె అది, మన పప్పునూనె కంటే ఘాటు. ఆమె కలిపి మొదటి ముద్ద పెట్టుకుని ఆగింది. బెంచీ మీద తింటున్నవాళ్లు ఆమె చేతి వైపు చూసి మళ్లీ తమ గిన్నెల్లోకి తలలు వంచారు. రెండో ముద్ద తిన్నది. మూడోది కూడా.

"ఉప్పెక్కువ," అంది తలెత్తకుండా. "వెల్లుల్లి కూడా దట్టించేశారు."

ఎన్నో రోజులుగా ఆమె ఏ వంటకూ వంక పెట్టలేదు. వంక పెట్టేంతవరకు తింటే కదా. గిన్నె ఖాళీ అయ్యాక, కారు కదిలితే ఎక్కడ బయటికొస్తుందోనని ఆ బెంచీ మీదే కూర్చున్నాం. మా చుట్టూ జనం మారారు. ఏమీ కాలేదు. ముసలామె మిగిలిన సీసా కూడా ఇచ్చేసింది. మూత గట్టిగా బిగించవద్దని చేత్తో చూపించింది.

సాయంత్రం హోటల్ గదిలో నేను ట్రైనింగ్ కాగితాలు చూసుకుంటుంటే, మళ్లీ ఆకలేస్తోందంది. సీసా ఉంది, అన్నం లేదు. బజారు మూసేలోపు అందుకోవాలని వెంటనే కారు తాళాలు తీసుకుని బయల్దేరాను.