జీడి పూసిన బుగ్గలు

నా చిన్నప్పుడు నా ముఖంలో బుగ్గలు ఉండాల్సిన చోట రెండు గుంటలు ఉండేవి. తిండికి లోటేమీ లేదు. మా బాపు ఖానాపూర్ దగ్గర ఒక పల్లెకు పటేలు. ఇంట్లో పాడి ఉండేది, మా అవ్వ, అంటే అమ్మ, రోజూ పొద్దున్నే నా నోట్లో వెన్నముద్ద కుక్కేది. ఆ వెన్నంతా ఎక్కడికి పోయేదో కానీ ముఖానికి మాత్రం ఎక్కేది కాదు. "నువ్వు పటేలు బిడ్డవా, కరువు బిడ్డవా?" అని పెద్దవాళ్లు నవ్వేవారు. నేనూ వాళ్లతో పాటే నవ్వి, గోడ చాటుకు పోయి బుగ్గలు తడుముకునేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా బడిలో నాటకం వేయాలని తలపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. ఎవరో అధికారి బడి చూడడానికి వస్తున్నాడని మా సారుకు కాలు నిలిచేది కాదు. నాటకంలో సరస్వతి వేషం ఒకటి ఉంది. మా వైపు పిల్లల్లో చాలామంది బాసరలో అక్షరాలు దిద్దినవాళ్లే కాబట్టి ఆ వేషమంటే ఆడపిల్లలందరికీ మోజు. పద్యాలు నాకే వచ్చు, గొంతూ నాదే బాగుండేది. సారు నన్ను ఎగాదిగా చూసి, "గొంతున్నది గని బుగ్గలు లేవు గదనే. సరస్వతమ్మ ఉపాసమున్నట్టు కనపడ్తది" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. పాపం, ఆయన తమాషాకే అన్నాడు. "ఇంక పది దినాలున్నయి, జర మంచిగ తిను, చూద్దాం" అని కూడా అన్నాడు. నేను ఆ పది దినాల మాట పట్టుకున్నాను.

ముఖం సంగతుల్లో మా వాడకట్టుకంతా పక్కింటి అక్కే పండితురాలు. ఆమెను భైంసాకు ఇచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆమె పెట్టెలో పౌడరు డబ్బా, చేతి అద్దం వచ్చేవి. ఆ అక్క నా మీద జాలిపడి, ఎర్ర రంగు కాగితం తడిపి నా బుగ్గలకు రుద్దింది. గిల్లితే రక్తం పొంగుతుందని గిల్లింది. పౌడరు దట్టంగా అద్దితే గుంట కనబడదంది. కనబడింది. ఆఖరికి దూది ఉండలు రెండు చేసి చెరో దవడలో పెట్టింది. అద్దంలో చూసుకుంటే అచ్చం లక్షణమైన పిల్లలా ఉన్నాను. ఆ సంబరంలో పద్యం ఎత్తుకున్నానో లేదో, ఒక ఉండ గొంతుకు అడ్డం పడింది. అక్క వీపు మీద చరిస్తే కానీ బయటికి రాలేదు. "నీకు బుగ్గలన్న ఉంటయి, పద్యమన్న ఉంటది. రెండు గావాల్నంటె నాతోని గాదు" అని ఆమె చేతులెత్తేసింది.

ఇక చాకలత్త సంగతి చెప్పాలి. మా ఇంటి బట్టలు ఉతికే ఆమెను మేమంతా అత్త అనే పిలిచేవాళ్లం. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా ఇల్లు, మరో అయిదారు ఇళ్లు ఆమె బతుకు. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేరాలని ఆమె ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టేది. మాది అంచున మూడు చుక్కలు. అడవిలో ఏరుకొచ్చిన నల్లజీడి గింజను ముల్లుతో పొడిచి, ఊరిన రసంతో చుక్కలు పెట్టి పైన సున్నం అద్దేది. బట్ట చిరిగినా ఆ గుర్తు పోదు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కుతుందని పిల్లలను దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ వారం ఆమె మణికట్టు ఉబ్బి ఉంది. సన్నటి ఎముకల చేయి ఆ ఒక్కచోట నున్నగా, నిండుగా మెరుస్తోంది. ఏమైందని అడిగితే, "జీడి చిందింది బిడ్డా. నాలుగొద్దులల్ల తగ్గిపోతది" అంది. నాకు నాలుగు రోజులు చాలు. ఆమె మా అవ్వకు బట్టలు లెక్క చెబుతుండగా ఆమె మూటలోంచి ఒక గింజ తీసుకున్నాను. పశువుల కొట్టం వెనక కూర్చుని ముల్లుతో పొడిచి, వేలితో రెండు బుగ్గలకూ సమానంగా రాసుకున్నాను. ఒకటి లావై ఇంకొకటి కాకపోతే ఎట్లా అని, అదే నా భయం.

మర్నాడు దురద. ఆ మర్నాడు పొద్దున కళ్లు సరిగ్గా తెరుచుకోలేదు. బుగ్గలు వచ్చాయి కానీ అవి నీటి పొక్కులు. ముఖమంతా నిప్పుల మీద పెట్టినట్టు మండుతోంది. మా అవ్వ నల్లటి మరక చూసి జీడి అని ఒక్క చూపులో పోల్చింది. బాపు చింత బరిగె పట్టుకుని వచ్చి ఇదెట్లా అంటిందని అడిగాడు. ఆ బరిగెను చూడగానే నా నోట అబద్ధం తయారుగా వచ్చింది. కొత్త దుప్పటికి పెట్టిన గుర్తు ఇంకా తడిగా ఉందని, అది ముఖం మీద కప్పుకుని పడుకున్నానని చెప్పాను. అంత చక్కటి అబద్ధం మళ్లీ నేను ఎప్పుడూ ఆడలేదు.

చాకలత్తను పిలిపించారు. ఆమె ఉరుకులు పరుగుల మీద వచ్చి నా మంచం పక్కన కూలబడింది. నా ముఖం చూసి, ఆ తర్వాత నా చేయి పట్టుకుంది. నా కుడి చూపుడు వేలు కొస నల్లగా ఉంది. సన్నగా తెరుచుకున్న నా కళ్లకు ఆమె దాన్ని చూడడం కనిపించింది. బాపు ఆమె వెనకే నిలబడి అరుస్తున్నాడు, బరిగె ఇంకా చేతిలోనే ఉంది. ఆమె నా వేళ్లన్నీ ఒక్కటొక్కటిగా ముడిచి పిడికిలి చేసి, ఆ పిడికిలిని దుప్పటి కిందికి తోసింది. తర్వాత లేచి, "నా తప్పే పటేలా. గుర్తు ఆరకముందే దుప్పటి మడిచి తెచ్చిన. పిల్ల ఏం జేస్తది" అంది.

బాపు రేపటి నుంచి తన గడప తొక్కవద్దన్నాడు. పటేలు ఇల్లే వద్దన్నాక మిగతా ఇళ్లూ ఒకటొకటిగా తప్పుకున్నాయి. మా బట్టలు పక్క ఊరి వాళ్లకు పోయాయి. ఆ ఏడు కల్లం దగ్గర ఏడాది కూలి కింద ఆమెకు కొలిచే వడ్లు ఎవరూ కొలవలేదు. అంత జరుగుతుందని నాకు తెలియదని అనుకుని తప్పించుకోలేను. ఆమెను పిలిపించేనాటికే తెలుసు, బాపు కోపం ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

అయినా ఆమె అయిదారు రోజులు వరసగా పెరటి దారిన వచ్చింది. నువ్వులు నూరి వెన్నలో కలిపి నా బుగ్గలకు పట్టించి పోయేది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆ ముసలి వేళ్లు ముఖం మీద తిరుగుతుంటే నాకు చల్లగా ఉండేది, ఏడుపు వచ్చేది, కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని. నాటకం ఆ లోపే అయిపోయింది. సరస్వతి వేషం ఎవరు కట్టారో కూడా నేను అడగలేదు.

ఎండాకాలం వచ్చేసరికి నాకు అన్నం సయించడం మానేసింది. ఒకరోజు బడి ఎగ్గొట్టి వాగు దగ్గరికి పోయాను. చాకలత్త ఒక్కర్తే ఉంది, బండ మీద తన చీరె ఒక్కటే ఉంది. అత్తా, జీడి నేనే పూసుకున్నాను, అబద్ధం చెప్పాను అని ఏడ్చేశాను. అక్కున చేర్చుకుంటుందని నా ఆశ. ఆమె చీరె పిండడం ఆపి, నా వైపు చూసి, "గీ మాట మీ బాపుకు చెప్పినవా?" అని అడిగింది. లేదని తల ఊపాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నాకు ఎర్కనే గద" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ అలిగి ఇంటికి పోయేదాన్నేమో. ఆ సాయంత్రం బాపు మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఏం గావాలె అని అడిగాడు. ఏం లేదన్నాను. వానలు పడేలోపు చాకలత్త మూట కట్టుకుని బెల్లంపల్లి దిక్కు, బొగ్గుబాయిల దగ్గర ఉన్న తమ్ముడి ఇంటికి పోయిందని విన్నాను. మళ్లీ రాలేదు.

బాపుకు చెప్పాను, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక. ఇంటినిండా చుట్టాలున్నారు, అందరం భోజనాలు చేసి కూర్చున్నాం. జీడి నేనే పూసుకున్నానని అప్పుడు చెప్పాను. బాపు కడుపు పట్టుకుని నవ్వాడు. "జీడి పూసుకున్నవా? సరస్వతి గావాల్నని?" అని అందరినీ పిలిచి మళ్లీ చెప్పించాడు. చుట్టాలంతా విరగబడి నవ్వారు. చాకలత్త ఏమైందని ఒక్కరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. తొమ్మిదేళ్లప్పుడు ఆడిన అబద్ధానికి భయమని ఒక సాకు ఉంది. ఆ నవ్వుకు ఏ సాకూ లేదు, ఇప్పటికీ అదే నన్ను ఎక్కువ సిగ్గుపెడుతుంది.

ఇప్పుడు నా మనవరాళ్లు బుగ్గలకు ఏవేవో రంగులు రాసుకుంటూ, ఆ జీడి కథ చెప్పు నానమ్మా అని అడుగుతారు. దూది ఉండ దగ్గర నవ్వుతారు, పొక్కుల దగ్గర ఇంకా నవ్వుతారు. మా ఇంట్లో చాలా ఏళ్లు ఆ కథ అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు నేను ఆపను. చాకలత్త నా వేళ్లు ముడవడం, కల్లం దగ్గర ఆమెకు వడ్లు కొలవకపోవడం, వాగు దగ్గర ఆమె అడిగిన మాట అన్నీ చెబుతాను. పిల్లల ముఖాలు చిన్నబోతాయి. చిన్నబోనీ.