నీళ్లలోంచి తీసి ఆరబెట్టిన పలకలు

వరిగడ్డికి జిగురు కలిపి గట్టి పలకలు చేయడం, అవి ప్లైవుడ్‌కు బదులు పనికొస్తాయని నిరూపించడం నా పీహెచ్‌డీ. పొలాల్లో తగలబెట్టే గడ్డి నాలుగు ఇళ్లకైనా తలుపులైతే చాలనుకునేదాన్ని. రోజూ సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ కాలేజీకి పోయి, పాఠాలు చెప్పడం అయ్యాక ల్యాబులో కూర్చునేదాన్ని. గైడు నెలకోసారి ఫోన్లో దొరికితే అదృష్టం. నాకు తోడు ల్యాబు ఊడ్చే ఆయమ్మ ఒక్కతే.

మిర్యాలగూడ మిల్లుల్లో వడ్లు ఆరబోసి ఆరబోసి నడుము అరగదీసుకున్న మనిషి. గడ్డిని పిడికిట్లో నలిపి చూసి, "ఇంకా మెత్తగున్నది బిడ్డా, జర ఎండనియ్యి" అనేది. తేమ మీటరు పెడితే ఆమె మాటే నిజమయ్యేది. చదువుకున్నదాన్ని కదా, నాకు కాస్త ఉక్రోషంగా ఉండేది.

చివరి పరీక్షకు పలకల్ని ఆరు నెలలు నీళ్లలో ఉంచి, ఎంత నీరు పీలుస్తాయో చూడాలి. మధ్యలో ఒక్కరోజు ఆరినా మళ్లీ మొదటికే. తొట్టిలో వేస్తుంటే ఆమె అడిగింది.

"మంచిగ ఎండినవాటిని మళ్ల నీళ్లల్ల ఏస్తున్నవేంది బిడ్డా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే ఆయమ్మా" అన్నాను నవ్వుతూ. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది.

ఐదో నెలలో అకాల వర్షం పట్టుకుంది. మార్కెట్లో వడ్లు తడిసి, జనమంతా పరదాలు పట్టుకుని ఉరుకులు. కాలేజీకి సెలవిచ్చారు. నాలుగో రోజు వెళ్లేసరికి తొట్టి ఖాళీ. నా పలకలన్నీ డాబా మీద, ఒకదానికొకటి తగలకుండా, ఎండలో పరిచి ఉన్నాయి. కప్పు కురిసి తొట్టి పొంగేసరికి, వాననీళ్లకు పలకలు కుళ్లిపోతాయనుకుందట.

"నిన్నటి సంది తిప్పుతున్న బిడ్డా, ఒక్కటి గూడ ఖరాబ్ కాలె" అంది. ముఖమంతా సంతోషం.

నాకు కళ్లు కనబడలేదు. "బుద్ధుందా నీకు? ఐదు నెలలు మట్టిపాలు చేశావు! ఇంకోసారి నా ల్యాబులో కనబడకు!" అని అరిచాను. వరండాలో ప్రిన్సిపల్ ఉన్నారు. ఆయమ్మ కాంట్రాక్టు మనిషి కదా, మర్నాటి నుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు.

కోపంలో అన్నానండీ అని నేనొక్క మాట చెబితే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కొత్త పలకలు చేశాను, నీళ్లలో వేశాను, తీశాను. ఏడాది తిరిగేసరికి పట్టా వచ్చింది. శాలువా కప్పుతుంటే నాకు ఆమె తప్ప ఎవరూ గుర్తు రాలేదు.

ఆ వారమే మిఠాయి డబ్బా పట్టుకుని మిర్యాలగూడలో ఆమె కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి పోతున్నానని తెలియదు. కూతురు గడపలోనే నిలబడి చెప్పింది.

"అమ్మ పోయి రెండు నెలలాయె మేడం. సూర్యాపేట దవాఖానల."

నేనుండే ఊళ్లోనే. మా ఇంటికి నడిచివచ్చేంత దూరంలో.

"మిల్లుల పనున్నది, పోదాం రా అంటే గూడ రాలె. లీవుల ఉన్న, మా మేడంకు కోపం తగ్గంగనే ఫోన్ జేస్తది అనేది. ఫోన్ కొంగుల ముడేసుకొని తిరిగేది. దవాఖానల గూడ ఛార్జింగ్ పెట్టుమని ఒకటే పోరు" అంది.

ఆమె నంబరు నా ఫోన్లో ఉంది. ఆ ఏడాదంతా ఉంది.