శుక్రవారం చూసిన మొహం

పదేళ్ల కిందట జూన్‌లో మా కంపెనీ నన్ను విజయవాడ నుంచి బందరుకు ట్రైనింగ్ ఆఫీసరుగా వేసింది. మాది సౌందర్య సాధనాల కంపెనీ. బందరుతో పాటు గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ నా పరిధి. ఫ్యాన్సీ షాపుల్లో మా కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయిలకు శిక్షణ ఇవ్వడం నా పని. వాళ్లను బ్యూటీ అడ్వైజర్లంటారు. జీతం కంపెనీ ఇస్తుంది, కుర్చీ షాపువాళ్లు ఇవ్వాలి. చాలాచోట్ల ఆ కుర్చీ ఉండేది కాదు. నా పైన విజయవాడలో ఏరియా మేనేజరు ఉండేవారు. నిరుడు, యాభై రెండో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి సర్వీసులో ఉండగానే చెప్పాల్సింది. చెప్పలేదు.

కెమిస్ట్రీ చదివిన మగవాడు ఆడవాళ్ల మొహాల పొడి గురించి పాఠాలు చెప్పడమేమిటని మా బంధువులు నవ్వేవారు. నాకు మాత్రం అది ఆసక్తిగానే ఉండేది. ఒకే ఎండలో, ఒకే నీళ్లతో బతికే మనుషుల చర్మాలు ఇన్ని రకాలుగా ఎందుకుంటాయన్నది నాకు తెగని ప్రశ్న. నాగాయలంక వైపు చేపలమ్మే ఆడవాళ్ల నుదురు నిగనిగలాడుతుంది, బుగ్గలేమో ఉప్పుగాలికి పొలుసులు కట్టి ఉంటాయి. అది జిడ్డు చర్మమా, పొడి చర్మమా?

ఆ ఏడాదే మా కంపెనీ మినరల్ ఫౌండేషన్ తెచ్చింది. అభ్రకం, జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ లాంటి ఖనిజాలను మెత్తగా నూరిన పొడి అది. క్రీముల్లో ఉండే నూనె ఇందులో ఉండదు. ఎంచేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి చర్మం తీరు: జిడ్డు చర్మానికి జిడ్డును పీల్చే మట్టి ఎక్కువగా కలిపిన రకం, పొడి చర్మానికి అది తక్కువున్న రకం, అదీ ముందు మాయిశ్చరైజరు రాశాకే. రెండోది లోపలి ఛాయ. మనిషి తెలుపా నలుపా అన్నది కాదు, చర్మం పసుపు వైపు మొగ్గుతుందా, గులాబీ వైపు మొగ్గుతుందా అన్నది.

పరీక్ష విధానం మా శిక్షణ పుస్తకంలో ఉండేది. మొహం సబ్బుతో కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు ఆగి, నుదుటిమీద, ముక్కుమీద, బుగ్గలమీద పల్చటి కాగితం అద్ది చూడాలి. రంగును ముంజేతి మీద కాకుండా దవడ అంచున రాసి, షాపు బయట పగటి వెలుతురులో చూడాలి. కౌంటరు దగ్గర గంటసేపు ఎవరాగుతారు? అందుకని కడగడం, ఆగడం వదిలేసి కాగితం నేరుగా అద్దేసేవాళ్లం. ఆ అడ్డదారి నేర్పింది నేనే.

బందరు కౌంటరులో పద్మ అనే అమ్మాయి ఉండేది. గిలకలదిండిలో చేపల పని చేసుకునే కుటుంబం. తల్లికి మోకాళ్లు పట్టేశాక ఇల్లు ఈమె మీదే పడింది. అంతకుముందు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు పొదిగేది. రంగు విషయంలో ఆమె కన్ను నా కన్నుకంటే గట్టిది. అది ఆమెకు ప్రొబేషన్ ఏడాది. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఉద్యోగం ఉండదు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం రాజ్యలక్ష్మిగారనే హైస్కూలు టీచరు వచ్చారు. మరుసటి వారంలో ఆవిడకు ఉత్తమ ఉపాధ్యాయురాలిగా సన్మానం. స్టేజీ ఎక్కితే మొహం కాస్త తేటగా కనిపించాలన్నారు. ఆ రోజు నేను షాపులోనే ఉన్నాను, కొత్త సరుకు నేనే చూపిస్తానని ముందుకు వెళ్లాను. కాగితం అద్దితే నూనె మరక దిట్టంగా దిగింది. దవడ దగ్గర చూస్తే చక్కటి పసుపు ఛాయ. జిడ్డు చర్మం, పసుపు ఛాయ అని తేల్చి డబ్బా తీశాను.

పద్మ నన్ను పక్కకు పిలిచింది. "సార్, ఇవాళ శుక్రవారమండీ. ఆవిడ తలంటుకుని, మొహానికి పసుపు రాసుకుని, పూజ చేసుకుని వచ్చారు. సోమవారం రమ్మందాం."

"పుస్తకంలో శుక్రవారం గురించి ఏమీ లేదు పద్మా," అన్నాను.

"పుస్తకం రాసినాయన తలంటు పోసుకోడేమోనండీ. పూత చూసి లోపలి లోహం చెప్పకూడదు సార్. మా చిలకలపూడిలో ఎవర్నైనా అడగండి."

నవ్వి, డబ్బా టీచరుగారి చేతిలో పెట్టాను.

సన్మానం అయిన మర్నాడు ఆవిడ పేపరు పట్టుకుని వచ్చారు. నేను గుడివాడలో ఉన్నాను, కబురు అందుకుని సాయంత్రం చేరేసరికి ఆవిడ మళ్లీ వచ్చి ఉన్నారు. ఫోటోలో ఆవిడ బుగ్గలు బీటలు వారి ఉన్నాయి. మెడ ఒక రంగు, మొహం మరో రంగు. ఆవిడది నిజానికి పొడి చర్మం, ఆ రోజు కాగితానికి అంటింది తలంటు నూనె. ఉన్న కాస్త తడినీ ఆ మట్టి పీల్చేసింది. పసుపు కడిగేసిన మొహం మీద పసుపు ఛాయ పొడి అతకలేదు.

"మా తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను బొమ్మల కొలువులోంచి లేచొచ్చారా టీచర్ అని అడిగారండీ," అన్నారావిడ. "ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి స్టేజీ ఎక్కాను."

ఫిర్యాదు ఫారంలో 'సిఫారసు చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. కౌంటరు ఎవరిదైతే వాళ్ల పేరు రాయడం మాలో వాడుక. ఆ వాడుకను అడ్డం పెట్టుకుని పద్మ పేరు రాశాను. టీచరుగారితో కూడా, ఆ రోజు డబ్బా తీసి ఇచ్చింది నేనే అయినా, అమ్మాయి పక్కకు పిలిచి చెప్పిన ప్రకారమే ఇచ్చానన్నాను. పద్మ అక్కడే నిలబడి వింది.

"రాసుకోండి సార్. పేరు నాది, చెయ్యి మీది," అంది, అంతే.

నెల తిరక్కుండా ఆమెను తీసేశారు. రికార్డులో ఆ మాట ఉండటంతో తర్వాత రెండు కంపెనీలు కూడా ఆమెను తీసుకోలేదని విన్నాను.

విరమణ తర్వాత ఈ ఏడాది పద్మను వెతుక్కుంటూ వెళ్లాను. గిలకలదిండిలో, ఇంటి ముందు గదిలోనే, చిన్న పార్లరు నడుపుతోంది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ మొహానికి ఏం రాశారండీ?" ఏం రాసినా సరే కడిగించి, గంట కూర్చోబెడుతుంది; కడిగితే వదలని పసుపైతే ఇంకో రోజు రమ్మంటుంది. ఇక్కడ కుర్చీలు ఆరున్నాయి.

క్షమించమని అడిగాను. ఆమె చేతిలోని బ్రష్షు ఆపలేదు.

"నాతో చెప్పి ఏం లాభమండీ, నాకు తెలియందా? టీచరుగారితో చెప్పండి. ఆవిడ ఇప్పటికీ బజారులో నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటారు. వాళ్ల స్కూలు మేడమ్స్ ఒక్కరూ ఇటు రారు."

ఆ సాయంత్రమే రాజ్యలక్ష్మిగారింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పదేళ్లు ఆ పిల్లని ఊరంతా అన్నానే," అన్నారావిడ. "మీరు కూర్చోండి అని అనబుద్ధి కావడం లేదు. వెళ్లిరండి."

తర్వాత పద్మ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ మర్నాడే మరో ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకుని పార్లరుకు వచ్చారట, మొహం చూసి ఏ పొడి నప్పుతుందో చెప్పమన్నారట.

"మరి ఏం చెప్పావు?"

"ఇవాళ శుక్రవారమండీ, సోమవారం రండి అన్నాను."

సోమవారం ముగ్గురూ వచ్చారు.

కంపెనీకి కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఈ పనిలోకి వచ్చేవారికి చెప్పగలిగింది ఇది. కడగని మొహాన్ని పరీక్షించకూడదు. గంట ఆగలేకపోతే ఆ రోజు అమ్మకూడదు. ముందు రోజు, ఆ రోజు మొహానికి ఏం రాశారో అడగాలి, ఆ ఊరి అలవాట్లు పుస్తకంలో ఉండవు. ఫారంలో ఆ గడి వచ్చినప్పుడు, డబ్బా ఎంచినవాళ్ల పేరే రాయాలి. ఆ రోజు ఎంచింది నేను.