మావి కోసం దిగిన పోసమ్

అమెరికాలోని డబ్లిన్ నుంచి మేకమాంసం కోసం ఫార్మ్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్తే, ఆ సాయంత్రం మా కళ్ళముందే ఒక మేక ఈనింది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకి కాలు నిలవలేదు.

"మావి పడగానే గడ్డిలో చుట్టి పాలుకారే చెట్టుకి కట్టాలి. కుక్కలు ముడితే తల్లికి పాలు పడవు. తాడు తే."

"అత్తయ్యా, ఇది మన దొడ్డి కాదు," అని విసుక్కుంటూనే కారు దగ్గరికి పరుగెత్తాను.

తాడుతో తిరిగొచ్చేసరికి ఫార్మ్ ఆవిడ నన్ను ఆపి, పక్కనే ఉన్న ఓక్ చెట్టు చూపించింది. కొమ్మ మీద పిల్లి అంత జంతువు, ఎలుక తోక, వీపు నిండా పిల్లలు. పోసమ్. కంగారూలాగే పిల్లల్ని పొట్టసంచిలో పెంచి, కాస్త ఎదిగాక వీపున మోస్తుందట. మావి వాసనకి తోడేళ్ళలాంటి కొయోటీలు మంద మీదకి వస్తాయని, ఇది తినేస్తే ఆ భయం తగ్గుతుందని, అందుకే దీన్ని తరమకుండా వదిలేస్తామని చెప్పింది.

అంతలో అది దిగనే దిగింది. మేం చూస్తుండగానే అప్పుడే పడ్డ మావి చాలావరకు తిని, మిగిలిన ముక్క నోట కరుచుకుని, పిల్లలతో సహా మళ్ళీ చెట్టెక్కింది.

అత్తయ్య తాడు నా చేతిలోంచి తీసుకుని చుట్ట చుట్టింది.

"ఎలాగైతేనేం, చెట్టుకే చేరింది. పాలు పడతాయిలే."