యాదగిరి సార్ అడిగే మొదటి ప్రశ్న

నిన్న సాయంత్రం ఒక ముసలి దంపతులు ఇంటి కాగితాలు చూపించుకోవడానికి వచ్చారు. సంచి విప్పగానే నా ఆఫీసు గదంతా కలరా ఉండల వాసన. ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున దస్తావేజులు దాచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయన్నమాట. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు.

సార్ అంటే పాఠాలు చెప్పిన లెక్చరర్ కాదు. అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో లా చదువుతున్నప్పుడు అక్కడి లైబ్రరీలో గుమాస్తా. అంతకుముందు చాలా ఏళ్లు ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేశారు. తార్నాకలో ఆయనది చిన్న పెంకుటిల్లు. సాయంత్రమైతే ఇంటి జాగా కొనబోయేవాళ్లు ఇదే కలరా ఉండల వాసన వేసే కాగితాలు పట్టుకుని ఆ ఇంటి అరుగు మీద చేరేవారు. ఉర్దూలో ఉన్న పాత పత్రాలను కూడా ఆయన గడగడా చదివి తెలుగులో చెప్పేవారు. క్లాసులో చట్టం బట్టీ పట్టాను గానీ, కాగితం చదవడం నేర్చుకున్నది మాత్రం ఆ అరుగు మీదే. ఆయనకొక వింత అలవాటు ఉండేది. ఎవరు దస్తావేజు అందించినా వెంటనే అందుకునేవారు కాదు. "అమ్మేటాయనకు అక్కజెల్లెండ్లు ఎంతమంది?" అని ముందు అడిగేవారు. జాగా కోసం వస్తే పెళ్లి సంబంధం మాట్లాడుతున్నాడేమిటి ఈయన అన్నట్టు జనం చూసేవారు. నాకూ నవ్వొచ్చేది.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మరుసటి ఏడు రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి, ఆ తర్వాత మాకు తలదాచుకునే చోటు లేదు. అలాంటి సమయంలో ఆయనతో ఒకే షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేసిన సాయిలు కాక, తల్లిదండ్రులిద్దరూ పోయాక తండ్రి పేరిట తార్నాకలో మిగిలిన జాగా అమ్ముతానన్నాడు. నాన్నకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు సార్‌కు చూపిద్దామంటే మాత్రం మండిపడ్డాడు. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాడిని అనుమానిస్తే రేపు వాడి మొహం ఎలా చూడాలన్నాడు. నేను అసలే మొండిదాన్ని. నాన్నకు చెప్పకుండా నకలు పట్టుకెళ్లాను.

సార్ అదే ప్రశ్న అడిగారు. సాయిలు కాకా, ఆయన తమ్ముడూ ఇద్దరూ సంతకం పెడుతున్నారు సార్ అన్నాను గొప్పగా. ఆయన తన ప్రశ్న మళ్లీ అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, సాయిలు కాకకు బాలమణి అని ఒక చెల్లెలుంది, వారాసిగూడలో కాపురం. ఆమె ఊసు ఎవరూ ఎత్తలేదు. వారసత్వ చట్టం పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లను, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"తండ్రి సొంతంగ కొన్న జాగ. యాభై ఆరుల కొత్త చట్టమొచ్చినంక సచ్చిపోయిండు. కొడుక్కెంతో బిడ్డకూ అంతే," అన్నారు సార్. "రేపు మీ నాయిన ఇల్లు కట్టుకున్నంక ఆమెనో, ఆమె పిల్లలో వచ్చి వాటా అడిగితే ఏం జేస్తరు?"

సాయిలు కాక మోసగాడు కాదు. సంగతి చెబితే నిజంగానే నోరెళ్లబెట్టాడు. పెళ్లి చేసి, పసుపు కుంకుమలిచ్చి పంపాక ఇంకా వాటా ఏమిటన్నాడు. చెల్లెలి గడప ఎక్కి సంతకం అడగడం నామోషీ అన్నాడు. నాన్న నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇటు ఇల్లు పోయేలా ఉంది, అటు స్నేహం పోయేలా ఉంది, రెండూ నా నిర్వాకమే. లైబ్రరీలో కూర్చుని ఏడుస్తుంటే సార్ పుస్తకాలు సర్దడం ఆపి పక్కన కూర్చున్నారు. లేఖరి దగ్గర ఉన్న రోజుల్లో తమ ఇంటి జాగా అమ్మిన కాగితం ఆయనే రాశారట.

"మా అక్క పేరు నేనే ఇడిచిపెట్టిన బిడ్డా. ఆమె కోర్టుకు పోలే, నన్నొక్క మాట అనలే. గదే నన్ను తింటున్నది."

ఆ ఆదివారం సార్ సాయిలు కాకను వెంటబెట్టుకుని వారాసిగూడ బయలుదేరారు. వెనకే నాన్నా, నేనూ. కాకను సార్ ఏం చెప్పి ఒప్పించారో మాకు ఎప్పటికీ తెలియలేదు. బాలమణి అత్త చాప పరిచి చాయ్ ఇచ్చింది. అన్న నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. సార్ కొత్తగా రాసిన అమ్మకం కాగితం తీసి మొదటినుంచీ చదవసాగారు. అందులో ముగ్గురికీ సమాన వాటాలని స్పష్టంగా ఉంది. కొడుకుల పేర్లు అయ్యాక, 'కీర్తిశేషులు మల్లయ్య కూతురు బాలమణి' అని వచ్చింది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గదొక్కటి మళ్ల సదువు సార్."

సార్ మళ్లీ చదివారు, ఈసారి మెల్లగా. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, రిజిస్ట్రీకి ఏ రోజు రావాలని అడిగింది. సాయిలు కాక అప్పుడు తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. తిరిగొచ్చేటప్పుడు నాన్న నా పుస్తకాల సంచి తాను అందుకున్నాడు. మా ఇంట్లో కోపం పోయిందని చెప్పే పద్ధతి అదే.

ఆ జాగాలో మా ఇల్లు లేచింది, ఏ తగాదా రాలేదు. సార్ పోయి చాలా ఏళ్లయింది. నేను ఈ వృత్తిలో ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో చూడొచ్చు, నేనూ చూస్తాను. కానీ రిజిస్ట్రీకి ముందు అందరినీ కూర్చోబెట్టి కాగితం పైకి చదవడం మానలేదు. కూతురి పేరున్న పంక్తి వస్తే, ఎవరూ అడగకపోయినా, రెండోసారి చదువుతాను.