తువాలు కింద నేర్చుకున్న విమానం

మా అల్లుడికి విమానం నడపడం నేర్పింది నేనే. గుంటూరులో ఎవరినడిగినా చెబుతారు. అందరికీ నేనే చెప్పాను గనక. నిజానికి అప్పటికి నేను విమానం ఎక్కి ఎరగను. నల్లపాడు రైలుగేటు దగ్గర ఆగినప్పుడల్లా తలెత్తి చూసిన అనుభవం మాత్రం దండిగా ఉంది.

అల్లుడంటే పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. మిర్చి యార్డులో నా పక్కనే పెరిగాడు, నా కమిషన్ కొట్టు వాడే చూసుకునేవాడు. నడినెత్తిన జుట్టు పలచబడ్డాక ఒకరోజు, మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, తూకం వేయిస్తూ, "మామయ్యా, నేను పైలట్ అవుతా" అన్నాడు.

"ఏరా, ఘాటు నెత్తికెక్కిందా?" అన్నాను.

వినలేదు. వెళ్ళాడు. తనకన్నా సగం వయసు పిల్లల పక్కన కూర్చుని చదివాడు. చిన్న విమానం గాల్లోకి లేపాడు, దించాడు. అన్నీ పాసయ్యాడు, ఒక్క రేడియో పరీక్ష తప్ప.

అందులో పెద్ద విద్యేమీ లేదు. కింద టవర్‌లో కూర్చున్నవాళ్ళు ఎంత ఎత్తులో ఎగరమంటే, ఆ అంకెను పైలట్ మళ్ళీ వాళ్ళకి అప్పజెప్పాలి. అంతే. కానీ యార్డులో పెరిగినవాడికి అదే గండం. ఎదుటివాడు చెప్పిన అంకె మన నోట వచ్చిందా, బేరం ఒప్పేసుకున్నట్టే! పరీక్షలో ఆఫీసరుగారు ఐదు వేల అడుగులన్నారట. మావాడు నాలుగున్నర వేలన్నాడు. ఆయన కోపంగా ఐదే అన్నారు. "సరే, మీ మాటా నా మాటా కాకుండా నాలుగు వేల ఎనిమిది వందలు చేసుకోండి" అన్నాడట, శుద్ధమైన ఇంగ్లీషులో.

రెండోసారీ ఇదే తంతు. మూడోసారి కూడా తప్పితే తిరిగి కొట్లో కూర్చుంటానని ఇంట్లో చెప్పేశాడు. నాకైతే లోలోపల సంతోషమే. మా అమ్మాయి మాత్రం మొగుడు ఆకాశంకేసి చూస్తూ మిరపకాయలు తూయడం చూడలేనంది.

దాంతో శిక్షణ మొదలుపెట్టాను. కూరగాయలమ్మే ఆమె గుమ్మంలోకి రాగానే వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించేవాణ్ణి.

"దొండకాయలు కిలో అరవై, బాబుగారూ."

"యాభై..."

"ఒరేయ్! అప్పజెప్పరా!"

పళ్ళు కొరుక్కుంటూ "అరవై" అనేవాడు. ఆమె హడలిపోయి, "నలభైకే తీసుకోండి బాబూ. ఒంట్లో బాగుందా?" అనేది.

ఇక లాభం లేదనుకుంటుండగా నాకో ఉపాయం తట్టింది. ఇప్పుడంటే ధరలు కంప్యూటర్లో పెడుతున్నారు గానీ, మా రోజుల్లో బేరమంతా తువాలు కిందే. ఇద్దరూ చేతులు లోపల పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటే పక్కవాడికి తెలిసేది కాదు. "బేరమాడకుండా ఉండలేవు కదా, ఆడుకో" అన్నాను వాడితో. "ఒళ్ళో తువాలు వేసుకో. కింద నీ రెండు చేతులూ బేరమాడుకుంటాయి. పైన నోరు అప్పజెబుతుంది."

పరీక్ష గదిలో నేను వాడి పక్కనే నిలబడ్డాను. ఆఫీసరుగారు ఐదు వేలన్నారు. మావాడూ ఐదు వేలే అన్నాడు. తువాలు మాత్రం ఒళ్ళో కోడిపుంజులా గింజుకుంటోంది. "ఏంటండీ అది?" అన్నారాయన. "ప్రార్థనండీ" అన్నాడు మావాడు.

సరే, నేను గదిలో లేను. లోపలికి రానివ్వలేదు, బయట టీకొట్టు దగ్గర కూర్చున్నాను. ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మా అమ్మాయి ఇది చదువుతుంది. తువాలు ఉపాయం దానిది. తువాలు మాత్రమే నాది. అదీ ఉతకనిది.

మావాడు కళ్ళు ఎర్రగా చేసుకుని, బొటబొటా నీళ్ళు కారుస్తూ బయటికొచ్చాడు. నేను లేచి భుజం తట్టి, "పోనీలేరా, కొట్టు ఎక్కడికీ పోలేదుగా" అన్నాను.

"పాసయ్యా మామయ్యా! నీ తువాలుతో మొహం తుడుచుకున్నా. అంతా కారమే!"

ఆ తర్వాత ఉద్యోగం కోసం వాడు పడ్డ తిప్పలు వేరు. మొన్న వాడి విమానమే ఎక్కాం. నేను కిటికీ పక్కన, మా అమ్మాయి నా పక్కన. మైకులో వాడి గొంతు వినిపించింది: ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో వెళ్తున్నామట. ఎక్కువ చెప్పాడనిపించింది. నా చెయ్యి దానంతటదే ఒళ్ళో ఉన్న తువాలు కిందికి పోయింది. అక్కడ మా అమ్మాయి చెయ్యి అప్పటికే ఉంది.

"ముప్పైకి అడుగు నాన్నా" అంది.