తిరుపతిరావు గారి వంకలు

తిరుపతిరావు గారికి ఏది వడ్డించినా వంక పెట్టందే ముద్ద దిగదు. గొంతు కేన్సరుకి రేడియేషన్ కరెంటు పెట్టించుకున్నన్నాళ్ళూ నోరు మెదపలేదు గానీ, కాస్త తేరుకోగానే వంకలు రెట్టింపయ్యాయి. నోట్లో తడి లేక మెడలో నీళ్ళసీసా వేలాడుతున్నా సరే, ఆయన తగ్గరు. వంకలు పెడుతున్నారంటే రుచి తిరిగొచ్చినట్టేనని చుట్టాలంతా సంబరపడ్డారు.

ఓసారి బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో, ఇడ్లీ సాంబారులో నలిపి మింగి, "ఇంగువ చాల్లేదయ్యా" అన్నారు.

వంటాయన పరుగెత్తుకొచ్చాడు. "ఇవాళ డబుల్ ఏశామండీ!"

"మరదే! ఎక్కువైతే తెలీదు."

పాపం, వంటాయన సాంబారు రుచి చూసుకునేలోగా ఈయన బయటపడ్డారు.

ఇంట్లో అయితే రోజూ యుద్ధమే.

"పులుసు చప్పగా ఉందే."

"ఏదీ, ఇలా తెండి!" భార్య వెంకటరావమ్మ గారు అన్నంలో కలుపుకుని మరీ రుచి చూసేవారు. "దివ్యంగా ఉంది. తిక్క మీకే!"

"అడుగున చూడు, తెలుస్తుంది."

ఆవిడ అడుగుదాకా తినేసేవారు. కోడలు సింధూరికి మాత్రం ఒళ్ళు మండేది.

మొన్న ఆదివారం అత్తగారు, "దోసకాయ పప్పు ఉడికింది, ఉప్పేసి దించమ్మా" అని చెప్పి, వడియాలు పెట్టడానికి మేడెక్కారు. సింధూరి ఫోన్లో మాట్లాడుతూనే దించి, మామగారికి వడ్డించేసింది.

"ఇదేంటమ్మా, బందరు సముద్రం పోశారా? ఒకటే ఉప్పు!"

సింధూరి ఉప్పుడబ్బా వైపు చూసింది. తను ఉప్పే వెయ్యలేదు!

"మామయ్యగారూ, మీకు రుచి..."

"తెలిస్తేగా! పప్పయినా సున్నమైనా నాకొకటే." ఆయన మెట్లవైపు చూసి గొంతు తగ్గించారు. "నేను గంజి తాగినన్నాళ్ళూ మీ అత్తయ్యా గంజే తాగింది. మీరు తినలేంది నాకెందుకండీ అని ఒకటే మొండి. సగమైపోయింది మనిషి. బతిమాలా, తిట్టా, వింటేగా! ఓరోజు ఉత్తుత్తినే పులుసు బాలేదన్నా. రోషమొచ్చి గిన్నెడు తినేసింది. నా నోటికేమీ తెలీట్లేదంటే మళ్ళీ గంజి మొదలెడుతుంది తల్లీ. చెప్పకు."

సింధూరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గబగబా పప్పులో ఉప్పు కలిపింది. అంతలో అత్తగారు దిగొచ్చారు.

"పప్పు బాలేదోయ్" అన్నారాయన.

"అవునత్తయ్యా, నాకూ చప్పగానే ఉంది" అంది సింధూరి.

"బావుంది వరస! మామాకోడళ్ళిద్దరికీ నాలుకలు చచ్చాయి!" వెంకటరావమ్మ గారు పళ్ళెం ముందేసుకుని, పప్పు గుమ్మరించుకుని, పెద్ద పెద్ద ముద్దలు తింటున్నారు. తిరుపతిరావు గారు మజ్జిగ గుక్కలు మింగుతూ, ఆవిడ తినడాన్ని కళ్ళారా చూశారు.

"నెయ్యి కూడా కమురు వాసనేమో!"

ఆవిడ ఇంకో గరిటె నెయ్యి వేసుకున్నారు.